ఆటల టీచరు ఛాతీ పట్టీ

మీటరు ముల్లును నమ్మినవాడు నడిరోడ్డు మీద దిగి బండి తోసుకోవాల్సిందేనని ఆ డ్రైవరు డిపోలో కొత్తగా చేరిన ప్రతివాడికీ చెప్పేవాడు. ఊరికే అన్నమాట కాదది. డిపో మొత్తంలో పాత బస్సు అతనిదే. వేగం చూపించే ముల్లు బస్సు నిలబడినా పరుగెత్తినా ఒకే అంకె దగ్గర గజగజలాడుతూ ఉంటుంది. డీజిల్ ముల్లు ట్యాంకు నిండినా అడుగంటినా సగం దగ్గర బైఠాయించి కదలదు. వేగం ఎంతో అతను చెవితో చెప్పేవాడు. ఇంజను వేడెక్కిందో లేదో పక్కనున్న బానెట్ మీద అరచెయ్యి ఆనించి చెప్పేవాడు. అన్నేళ్ళ సర్వీసులో అతని బండి డీజిల్ లేక దారిలో ఆగింది లేదు. అలాంటి మనిషి ఒక చేతి వాచీని నమ్మి ఎలా మునిగాడో చెప్పాలంటే ముందు అతని చెల్లెలి సంగతి చెప్పాలి.

చెల్లెలు బడిలో ఆటల టీచరు. మెడలో విజిల్, కాళ్ళకు బూట్లు, ఎండకు కమిలిన ముఖం. ఆమె విజిల్ ఊదితే మైదానంలో పిల్లలే కాదు, గోడ అవతల నడిచేవాళ్ళు కూడా ఒక్క క్షణం ఆగేవారు. పెళ్ళెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, "నేను పరిగెడుతూనే ఉన్నానండీ, వచ్చినవాళ్ళెవరూ అందుకోలేకపోయారు" అని నవ్వేసేది. బడి వెనక మేడ మీద ఒక్క గది అద్దెకు తీసుకుని ఉండేది. అమ్మా నాన్నా ఎప్పుడో పోయారు. ఆమెకి వెనకా ముందూ ఉన్నదల్లా ఈ అన్నయ్య ఒక్కడే.

అన్నయ్య మాత్రం ఆమెకి పూర్తిగా భిన్నం. కూర్చునే ఉద్యోగం, వేళాపాళా లేని తిండి. స్టీరింగు వెనక ఇరుక్కుని కూర్చుంటే పొట్టకీ చక్రానికీ మధ్య వేలు దూరదు. డిపోలో అతనికి 'డబుల్ సీటు' అని పేరు. వెనకాల అనుకునే పేరే అయినా అతనికీ తెలుసు, తెలిసీ నవ్వేవాడు. లావుపాటి మనుషులకు చిన్నప్పుడే అలవాటవుతుంది ఆ నవ్వు.

చెల్లెలి కిడ్నీలు రెండూ పాడయ్యాయని తెలిసిననాడు మాత్రం అతనికి నవ్వు రాలేదు. వారానికి మూడుసార్లు ఆసుపత్రిలో మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకోవాలి. అలా ఎన్నాళ్ళో డాక్టర్లు చెప్పరు. ఎవరైనా కిడ్నీ ఇస్తే ఆమె మళ్ళీ మనిషవుతుంది. అన్నయ్య పరీక్షలు చేయించుకున్నాడు. రక్తం కలిసింది, అన్నీ కలిశాయి. ఒక్కటే కలిసిరాలేదు.

"మీ బరువుతో కిడ్నీ తీస్తే మిగిలిన దానితో మీరు బతకడం కష్టం" అన్నాడు పెద్ద డాక్టరు. "పద్దెనిమిది కిలోలు తగ్గి రండి. మందులతో కాదు, నడిచి తగ్గండి. ఆలస్యం చెయ్యకండి. ఆమె గుండె మీద భారం పడుతూనే ఉంటుంది."

ఆ సాయంత్రం చెల్లెలు తన గదిలో మంచం మీద కూర్చుని, బల్ల సొరుగులోంచి నల్లటి సాగే పట్టీ ఒకటి తీసింది. మధ్యలో అగ్గిపెట్టె కన్నా చిన్న బిళ్ళ ఉంది.

"పోటీలకి వెళ్ళినప్పుడు నేను కట్టుకునేదాన్ని. దీన్ని ఛాతీకి కట్టుకుని ఫోనులో చూసుకోవాలి. నువ్వు నడిచినప్పుడు గుండె ఎంత కొట్టుకుంటోందో చెప్తుంది. దాన్నిబట్టి ఎన్ని కేలరీలు కరిగాయో, ఎంత తినొచ్చో లెక్క కట్టచ్చు. నేను రోజూ చూసి చెప్తాను."

"వాచీలు వచ్చాయి కదే ఇప్పుడు. మా కండక్టరు పెట్టుకుంటాడు."

"వాచీ చర్మం మీద వెలుగు వేసి ఊహిస్తుంది అన్నయ్యా. చెయ్యి కుదురుగా ఉంటే పర్లేదు, కదిలితే తికమకపడుతుంది. ఇది గుండె పక్కనే కూర్చుని వింటుంది. నీ ప్రాణం, నా ప్రాణం రెండూ ఈ లెక్క మీదున్నాయి. ఊహించేదాన్ని నమ్ముకుంటామా?"

అతను పట్టీ తీసుకుని బాత్రూములోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. చొక్కా విప్పి కట్టుకోబోయాడు. పట్టీ సాగినంత సాగింది. రెండు కొసల మధ్య ఇంకా జానెడు దూరం ఉంది. ఊపిరి బిగబట్టి లాగాడు, గోడకు ఆనుకుని లాగాడు. కొక్కెం జారి వీపుకి చురుక్కున తగిలింది. అద్దంలో తన ఒళ్ళు తనకే అసహ్యమనిపించింది. వేలెడంత నడుమున్న చెల్లెలి పట్టీ అది. కిడ్నీ ఇస్తానని వచ్చినవాడికి పట్టీ కూడా పట్టలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు.

చొక్కా గుండీలు పెట్టుకుని బయటికొచ్చి, "నాకిది పడదే, దురద" అన్నాడు.

చెల్లెలు ఒక్క చూపు చూసింది. ఏళ్ళ తరబడి పిల్లల ఒళ్ళు చూసి కొలతలు చెప్పే కళ్ళవి. "దీనికి అతుకు ముక్క దొరుకుతుంది అన్నయ్యా, పొడుగు చేసుకోవచ్చు" అంది మెల్లిగా.

"దురదంటే వినవేంటే!" అని కసురుకున్నాడు. అక్కడితో ఆ మాట ముగిసింది. ముగియకుండా ఉంటే ఎంత బాగుండేదో!

వాచీ కొనడానికి డ్రైవరు, అతని భార్య ఇద్దరూ వెళ్ళారు. అద్దాల దుకాణం, చల్లటి గాలి, వరసగా వాచీలు. దుకాణంలో కుర్రవాడు ఒక్కొక్కటీ తీసి చూపిస్తూ రంగులు చెప్పాడు, పట్టీలు మార్చి చూపించాడు, నీళ్ళలో ముంచినా ఏమీ కాదన్నాడు. నిద్ర లెక్కపెడుతుందన్నాడు. "గుండె సరిగ్గా లెక్కపెడుతుందా?" అని ఇల్లాలు అడిగితే, "డాక్టర్లే కొంటున్నారమ్మా" అన్నాడు. ఏ ధరలో కావాలని అడిగాడు, ఏ రంగు ఇష్టమని అడిగాడు. రోజంతా మీ చెయ్యి దేని మీద ఉంటుందని మాత్రం అడగలేదు. అడగాలని వాడికెలా తెలుస్తుంది? తెలియాల్సినవాడికే తట్టలేదు. డ్రైవరు పెద్ద అంకెలు కనిపించేది చూసి ఎడమ చేతికి పెట్టించుకున్నాడు.

ఆ ఎడమ చెయ్యే గేరు రాడ్డు మీద ఉండేది. ఆ చెయ్యే బానెట్ మీద ఆనేది.

మొదటిరోజు డ్యూటీ దిగి ఫోను చూసుకుంటే అందులో టపాసులు పేలాయి. శభాష్ అని బొమ్మ గంతులు వేసింది. సాయంత్రం చేసిన నడక కాక, పగలు కూర్చున్నచోటే బోలెడు కేలరీలు కరిగాయట. ఇంటికెళ్ళి చూపిస్తే ఇల్లాలు ముక్కున వేలేసుకుంది.

"ఏవండీ, కూర్చుని నడిపితేనే ఇంత కరుగుతుందా?"

"ఊరికే కూర్చుంటాననుకున్నావా? పవర్ స్టీరింగు లేని బండే అది! ఒక్కో మలుపు తిప్పితే ఒళ్ళు హూనమైపోతుంది. ఇన్నాళ్ళకి నా కష్టం చూసేవాడు ఒకడు దొరికాడు."

ఇక్కడే ఉంది అసలు చిక్కు. వాచీ చెప్పింది అతను వినాలనుకున్న మాట. అన్నేళ్ళుగా అందరూ కూర్చుని తినే ఉద్యోగమని ఎగతాళి చేసేవారు. ఇప్పుడు నీది చాకిరీయేనని ఒక యంత్రం సాక్ష్యం చెబుతోంది. అలాంటి సాక్షిని ఎవరు అనుమానిస్తారు? ఇల్లాలూ మంచి మనిషే. భర్తకి ఆపరేషనంటే తను భయపడినా ఆడపడుచు మీద ప్రేమ ఉన్నది. ఫోనులో చూసి, కరిగిన దానికి తగ్గట్టే కొలిచి వడ్డించేది. ఆ కొలత ప్రకారం అన్నం మీద ఇంకో గరిటె పడేది. "తినండి, నీరసపడితే డాక్టరు ఒప్పుకోడు" అనేది. లెక్క ప్రకారమే తిన్నాడు పాపం, ఒక్క ముద్ద కూడా దొంగతనంగా తినలేదు.

నెలల తర్వాత ఆసుపత్రికి వెళ్ళి కాటా ఎక్కితే బరువు దిగకపోగా కాస్త పెరిగింది. నర్సు ఇంకోసారి ఎక్కమంది. మళ్ళీ అదే. డాక్టరు తల అడ్డంగా ఊపి, మరికొంత గడువు ఇచ్చాడు.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, కాటా చెడిపోయిందని డ్రైవరు తీర్మానించాడు. ముల్లున్న దేన్నీ నమ్మకూడదని తెలిసినవాడు కదా! అందరూ తొక్కి తొక్కి దాని స్ప్రింగు పోయి ఉంటుందని బస్సు ఎక్కేదాకా గొణుక్కున్నాడు. అబద్ధమాడే ముల్లును పట్టుకోవడం అతనికి చేతనవును. ఆ రోజు మాత్రం నిజం చెప్పిన ముల్లును తిట్టి, అబద్ధమాడే వాచీని చొక్కా అంచుతో తుడుచుకున్నాడు.

దాతకు చేసే పరీక్షలకి రోగి వెళ్ళనక్కర్లేదు. అందుకని చెల్లెలు గదిలోనే ఎదురుచూస్తోంది. పాదాలు వాచి ఉన్నాయి, ముఖం పాలిపోయి ఉంది. గుమ్మంలో అడుగు పెట్టీ పెట్టకముందే, "ఎంత తగ్గావు?" అంది.

ఆ ముఖం చూసి అతనికి నిజం నోట రాలేదు. "సగం దూరం వచ్చేశానే" అన్నాడు.

కొలతలు చెప్పే ఆ కళ్ళు కూడా ఆశకొద్దీ నమ్మేశాయి. ఆమె చేతులు చరిచింది. మేడ కిందున్న ఇంటావిడని పిలిచి మరీ చెప్పింది. ఆసుపత్రి మిషను దగ్గర నర్సులకి చెప్పింది. "మా అన్నయ్య సగం దిగాడు" అని చెబుతుంటే ఆమె గొంతులో మళ్ళీ మైదానం వినిపించిందట. ఆ మాట ఇల్లాలు వచ్చి చెబితే అతను అన్నం ముందు నుంచి లేచిపోయాడు. కానీ నిజం మాత్రం చెప్పలేదు. ఈలోగా నిజంగానే తగ్గిపోతే అబద్ధం దానంతటదే నిజమైపోతుందని ఆశ.

ఆ తర్వాత ఒకసారి బస్సు గేరుపెట్టె విరిగి షెడ్డుకి చేరింది. చేతిలో పని లేక డ్రైవరు పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నడిచాడు. చెరువు కట్ట చుట్టూ, మార్కెట్టు చుట్టూ, తన బస్సు తిరిగే దారి పొడుగునా. చొక్కా పిండితే నీళ్ళు కారేటంత చెమట. తీరా ఫోను తీస్తే టపాసులూ లేవు, శభాషూ లేదు. డ్యూటీ రోజుల్లో చూపించే దాంట్లో సగం కూడా లేదు.

చిర్రెత్తుకొచ్చి తిన్నగా చెల్లెలి గదికి వెళ్ళాడు. "చూడవే, కొని ఏడాది కాలేదు, అప్పుడే చెడింది! బస్సు నడిపితే అంత చూపించి, రోజంతా నడిస్తే ఇంతేనా?"

చెల్లెలు మొదట నవ్వబోయింది. అంతలోనే ఆ నవ్వు ఆగిపోయింది. ఫోను తీసుకుని వెనక రోజులన్నీ వేలితో జరిపి చూసింది.

"అన్నయ్యా, డ్యూటీలో వాచీ తీస్తావా?"

"ఎందుకు తీస్తాను?"

"బస్సు బాగయ్యాక ఒక పని చెయ్యి. ఇంజను ఆన్ చేసి, ఆ వాచీని నీ చేతికి కాకుండా ఏ నీళ్ళ సీసాకో చుట్టి బానెట్ మీద పెట్టు."

బస్సు షెడ్డులోంచి వచ్చిన పొద్దున, ప్రయాణికులు ఎక్కకముందే అతను అలాగే చేశాడు. మురికి పట్టిన ప్లాస్టిక్ సీసాకి తుడుపుగుడ్డ చుట్టి, దాని మీద వాచీ బిగించాడు. ఇంజను రొదపెట్టింది. సీసా గడగడలాడింది. వాచీ వెనక పచ్చటి వెలుగు వెతుక్కుంది, తడబడింది, ఆ తర్వాత అంకె చూపించింది. నిమిషానికి నూట ముప్పైకి పైగా. సీసాకి గుండె కొట్టుకుంటోంది! కాసేపటికి దానికి కేలరీలు కూడా కరగడం మొదలైంది.

కండక్టరు మెట్టు మీద కూర్చుని పొట్ట చెక్కలయ్యేలా నవ్వాడు. "అన్నా, నీ సీసా ఇవాళ సాయంత్రానికి సన్నబడిపోతుందన్నా! దానికి ఇంకో గరిటె వడ్డించమని వదినకి చెప్పు!"

డ్రైవరు ఇంజను ఆపేశాడు. సీసా నిలిచింది, అంకె దిగిపోయింది. తిన్న ప్రతి గరిటె అతనికి గుర్తొచ్చింది. తన బస్సు వణుకుని తన కష్టమనుకుని ఇన్ని నెలలు కూర్చుని తిన్నాడు. ఆ నెలలు తనవి కావు, చెల్లెలివి. తల కొట్టేసినట్టయి స్టీరింగు మీద వాలిపోయాడు. కండక్టరు నవ్వు ఆపి, ఏమైందన్నా అని దగ్గరికొచ్చాడు.

ఆ సాయంత్రం చెల్లెలు ఒకే మాట అడిగింది. "ఆసుపత్రి కాటాలో ఎంత తగ్గావు? నిజం చెప్పు."

చెప్పాడు. పట్టీ పట్టలేదన్న సంగతి కూడా చెప్పాడు. తిడుతుందనుకున్నాడు, తిడితే బాగుండుననుకున్నాడు. ఆమె దుప్పటి అంచు సరిచేసుకుంది.

"నాకు చెప్పాల్సింది అన్నయ్యా" అంది. "ఇది నా పని కదా. లావుపాటి పిల్లల్ని ఎంతమందిని పరిగెత్తించలేదూ నేను? నువ్వొక్కడివే నా దగ్గర సిగ్గుపడ్డావు."

ఆమెకి కోపం లేకపోవడమే అతన్ని ఎక్కువ బాధపెట్టింది. మర్నాడే పట్టీకి అతుకు ముక్క తెప్పించింది. అది పెడితే అతని ఛాతీ చుట్టూ పట్టీ బిగిసింది. పట్టీ మొహమాటం లేని మనిషి లాంటిది. బస్సు నడిపినంతసేపూ దాదాపు ఏమీ కరగలేదని మొహం మీదే చెప్పేది. నడిస్తే ఇంత, మెట్లెక్కితే ఇంత అనేది. టపాసుల్లేవు. ఇల్లాలు గరిటె వెనక్కి తీసింది, అతను ఆకలితో పడుకున్నాడు. నిజం నిష్ఠూరంగా ఉన్నా ఒళ్ళు మాత్రం దాని మాటే విన్నది. చొక్కాలు వదులయ్యాయి. పొట్టకీ స్టీరింగుకీ మధ్య మొదట వేళ్ళు, తర్వాత పిడికిలి దూరింది. డిపోలో 'డబుల్ సీటు' అనడం మానేశారు. అతను అదేమీ గమనించలేదు. డ్యూటీ ముందు నడిచాడు, డ్యూటీ తర్వాత పరుగెత్తాడు. చెల్లెలు మిషను పక్కన పడుకుని, ఫోనులో అతని అంకెలు చూసి, "చివర్లో బద్ధకించావు" అని కబురు పెట్టేది.

పద్దెనిమిది కిలోలూ తగ్గాడు. కాటా మీద ముల్లు డాక్టరు చెప్పిన చోట ఆగింది. ఈసారి ఆ కాటా మీద అతనికి ఏ అనుమానమూ రాలేదు. నర్సు నవ్వి అభినందించింది. పెద్ద డాక్టరు మాత్రం కుర్చీ చూపించి, తలుపు దగ్గరగా వెయ్యమన్నాడు.

"మీరు సిద్ధంగా ఉన్నారు. ఆమె సిద్ధంగా లేదు. పోయినవారం గుండె పరీక్షలు చేశాం. ఇన్నాళ్ళ భారానికి బాగా బలహీనపడింది. ఇప్పుడు ఆపరేషను టేబులు ఎక్కిస్తే దిగదు."

"ముందే వచ్చుంటే?" అన్నాడు డ్రైవరు.

డాక్టరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "అవన్నీ ఇప్పుడెందుకు?" అన్నాడు. అంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు? చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టని లోకం తేలిగ్గా అనేస్తుంది. ఇక్కడ కాలినవి వేరేవాళ్ళ చేతులు.

చెల్లెలికి అప్పటికే తెలుసు. అతను వెళ్ళేసరికి శాలువా కప్పుకుని, పాత విజిల్ మెడలో వేసుకుని కూర్చుంది. "పిల్లలు వెళ్ళిపోయారు, మైదానం ఖాళీగా ఉంది. నన్ను కాస్త కిందికి దింపు. పట్టీ కట్టుకో."

"ఇంకెందుకే అది?"

"కట్టుకో అన్నయ్యా."

అదే బాత్రూము, అదే అద్దం. పట్టీకున్న అతుకు ముక్క ఊడదీసి చూశాడు. రెండు కొసలూ వీపు వెనక కలిశాయి, కొక్కెం టక్కున పడింది. చెల్లెలి పట్టీ అతుకు లేకుండా అతనికి సరిపోయింది. కుళాయి తిప్పి ఆ చప్పుడులో ఏడ్చాడు. ఈ ఒళ్ళు ఆమెకి ఇవ్వాల్సినది ఇవ్వకుండా ఊరికే బాగుపడిందని ఏడ్చాడు.

మెట్ల మీద ఆమెని ఎత్తుకుని దింపాడు. ఏమీ బరువు లేదు. సిమెంటు బల్ల మీద కూర్చోబెడితే ఫోను ఒళ్ళో పెట్టుకుంది. అతను ఒక చుట్టు తిరిగి వచ్చాడు.

"నూట ముప్పై. చాలా బాగుంది. ఇప్పుడు ఎంత త్వరగా దిగుతుందో చూద్దాం" అంది. అంకె దిగుతుంటే కళ్ళార్పకుండా చూసింది. ఆ చూపులో సంతోషం ఉంది. దాన్ని చూడలేక అతను నేల వైపు చూశాడు.

"నా వల్లే కదే" అన్నాడు.

"నువ్వు నిలబడి ఏడిస్తే లెక్క చెడిపోతుంది. ఇంకో చుట్టు."

"నాకు చేతకాదే."

"నేను చూస్తున్నాను కదా" అని ఆమె విజిల్ పెదవుల మధ్య పెట్టుకుంది. బుగ్గలు కాస్త ఉబ్బాయి. భుజాలు లేచాయి, పడ్డాయి. మళ్ళీ ఊదింది. గాలి తప్ప చప్పుడు రాలేదు.

అది మోగినట్టే అతను పరుగు మొదలుపెట్టాడు.